అరగంట ట్రయల్

నా రిటైర్‌మెంట్ రోజున మా ఫ్యాన్ల ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో వాళ్లంతా తలా కొంత వేసుకుని నాకొక ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చారు. మెడలో దండ వేశారు, శాలువా కప్పారు, మిఠాయి డబ్బా ఇచ్చారు, ఆఖరున ఈ ఫోన్ చేతిలో పెట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత అందరూ విన్నదే. చెవిటివాడికి శంఖాన్నే కానుకగా ఇవ్వడం మాత్రం నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అదే మొదటిసారి అయ్యుంటుంది. నేను నవ్వాను. వాళ్లూ నవ్వారు. చప్పుడు వినపడదు కాబట్టి ఎవరు ఎంత నవ్వారో చెప్పలేను.

ముప్పై నాలుగేళ్లు పవర్ ప్రెస్సుల మధ్య గడిపాను. కింద రేకు పెడితే పైనుంచి డై, అంటే ఉక్కు అచ్చు, వచ్చి దెబ్బ వేస్తుంది, ఫ్యాన్ మూత తయారై బయట పడుతుంది. ఆ దెబ్బలన్నీ నా చెవుల మీదే పడ్డాయి. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిరడాలను జేబులో వేసుకుని తిరిగిన పొగరు నాది. తొమ్మిదేళ్ల కింద ఎడమ చెవి పోయింది, దాని వెనకే కుడి చెవీ దాదాపు పోయింది. చెవి మిషన్ కొనుక్కున్నాను. ఉప్పల్ రింగు రోడ్డు మీది హారన్లన్నీ తలలోకి దూరాయి తప్ప మనిషి మాట ఒక్కటీ చిక్కలేదు. దాన్ని తీసి బీరువాలో పడేశాను.

షాపులో చెవుడు పెద్ద లోటేమీ కాదు. ఆ మోతలో చెవులున్నవాళ్లు కూడా చేతులతోనే మాట్లాడుకుంటారు. బాధంతా ఇంట్లోనే. నా భార్య బడి ముఖం చూడలేదు, కాగితం మీద రాసి చూపించడం రాదు. ఏదైనా చెప్పాలంటే నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. పాత ఉప్పల్లో మాది అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు. ఒక గోడ అవతల మా వదిన, ఇంకో గోడ అవతల మా మరదలు. ఆమె అరిస్తే నాకంటే ముందు వాళ్లకు వినపడుతుంది. మెల్లమెల్లగా మా మాటలు తగ్గి "నల్లా వచ్చింది", "గ్యాస్ అయిపోయింది", "అన్నం తిను" దాకా వచ్చాయి. తర్వాత వాటికీ సైగలే. ఈమెకు నా మీద మనసు విరిగిందని అనుకున్నాను. అనుకుని ఊరుకోక నేనూ ముఖం ముడుచుకున్నాను. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లా బతికాము.

ఆదివారం పోచారం నుంచి మా కొడుకు వచ్చాడు. అక్కడే ఉద్యోగం, అక్కడే కాపురం. ఫోన్ డబ్బా చూసి, ఐదు నిమిషాల్లో అంతా చేసిస్తానని కాగితం మీద రాశాడు. నేను డబ్బా వెనక్కి లాక్కున్నాను.

"నేను సెట్టర్‌ను రా. నా మిషన్ మీద ఇంకొకని చెయ్యి పడొద్దు," అన్నాను.

సెట్టర్ అంటే, కొత్త డై వచ్చినప్పుడు దాన్ని ప్రెస్సుకు బిగించి, ఎత్తూ వత్తిడీ చూసి, పనివాళ్ల చేతికి అప్పగించేవాడు. అందులో నాకొక పద్ధతి ఉంది. ఒకసారికి ఒకటే మార్పు. మార్చింది డైరీలో రాసుకోవాలి. ఆ తర్వాత ట్రయల్ వేయాలి. రెండు నట్లు ఒకేసారి తిప్పితే తప్పు ఏ నట్టులో ఉందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఫోన్‌ను కూడా అలాగే లొంగదీయాలనుకున్నాను. రోజుకొక సెట్టింగ్.

మొదటి రోజు భాష. "తెలుగు" అన్న చోట నొక్కగానే తెర మీది ఇంగ్లీషంతా కళ్లముందే తెలుగైపోయింది. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. మా షాపులో జర్మనీ ప్రెస్సు ఒకటి ఉండేది, పాతికేళ్లు నాతో కలిసి పనిచేసి కూడా ఒక్క తెలుగు ముక్క నేర్వలేదు. రెండో రోజు అక్షరాల సైజు. గీత మీది చుక్కను కుడికి జరుపుతూ పోతే అక్షరాలు పూరీల్లా పొంగాయి. కళ్లజోడు తీసి చదివాను. మూడో రోజు వేలిముద్ర. బొటనవేలు పెట్టమంది, ఎత్తమంది, మళ్లీ పెట్టమంది. ఎన్నిసార్లు పెట్టినా నన్ను మనిషిగా గుర్తించలేదు. రేకులు పట్టీ పట్టీ నా వేళ్ల మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. విసిగిపోయి చిటికెన వేలు పెడితే ఒప్పుకుంది. జీవితమంతా పని దొంగలా పక్కన నిలబడ్డ వేలు అది, ఇప్పుడు ఇంటి తాళం దాని చేతికి వచ్చింది. నాలుగో రోజు తెర మీది మంచు కొండ బొమ్మ తీసేసి మా మిద్దె మీది బంతిపూల కుండీ ఫోటో పెట్టాను.

ఐదో రోజు "యాక్సెసిబిలిటీ" అనే చోటికి వచ్చాను. లోపలికి వెళ్తే, కళ్లు కనపడనివాళ్లకు కొన్ని, చేతులు వణికేవాళ్లకు కొన్ని, చెవులు లేనివాళ్లకు కొన్ని. ఎక్కడో ఎవరో కూర్చుని, ఉప్పల్లో నాలాంటివాడు ఒకడు ఉంటాడని ముందే తలచి, నా కోసం ఒక అర కట్టి పెట్టారు. నన్ను చూసి విసుక్కునే మనుషులే తెలుసు నాకు. చూడకుండానే నా సంగతి ఆలోచించినవాళ్లు ఉంటారని తెలియదు. ఫోన్ మోగినప్పుడు వెనక లైటు వెలగాలని పెట్టాను. మా ఆవిడ బటన్ల ఫోన్ తీసుకుని నా నంబరు కొట్టాను. మంచం మీద మెరుపు మెరిసింది. ఆమె ఉలిక్కిపడి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

ఆరో రోజు, ఆ పేజీలోనే, మాట్లాడిన మాటను అక్షరాలుగా రాసి చూపించేది కనపడింది. నమ్మలేదు. తెలుగు ఎంచుకుని, "ఒకటి, రెండు, మూడు" అన్నాను. తెర మీద ఒకటి, రెండు, మూడు అని వచ్చాయి. నా గొంతు నాకే సరిగా వినపడి తొమ్మిదేళ్లు. అది ఇంకా ఉంది, పదాలు ఇంకా తిన్నగానే వస్తున్నాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఇక ట్రయల్. మా షాపులో ట్రయల్ అంటే మిషన్‌ను అరగంట దాని మానాన నడవనిచ్చి, తిరిగి వచ్చి కింద పడ్డ మూతల రాశి చూడాలి. సెట్టర్ పక్కన నిలబడితే మిషన్ కూడా బుద్ధిగా నడుస్తుంది, అందుకని అక్కడ ఉండకూడదు. ఇంట్లో చప్పుళ్లు ఎక్కువుండేది వంటగదిలో. ఫోన్‌ను గూట్లో పప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, పాలకు వెళ్లిపోయాను. ఫోన్ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. డైకి చెప్పి ట్రయల్ వేస్తామా? అక్కడ రాశి పడేది మూతలు కాదు, ఒక మనిషి మనసు అని నా మట్టిబుర్రకు తట్టలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె బియ్యం ఆరబోయడానికి మిద్దె ఎక్కింది. ఫోన్ తీసి చూశాను. తెర నిండా అక్షరాలు. వేలితో పైకి తోస్తుంటే ఇంకా ఉన్నాయి. కొన్ని పదాలు వంకరగా పడ్డాయి గానీ, ఆ గొంతు ఎవరిదో నాకు తెలియనిదా.

"బియ్యంల పురుగొచ్చింది. ఎండల పొయ్యాలె. ఇంటున్నవా? ఏడ ఇంటవ్ గానీ. ఇయ్యాల కూరేం జెయ్యాలె? వంకాయ అంటవ్. నాకెర్క లేదా నీ సంగతి. నూనె జర ఎక్కువ పొయ్యమంటవ్. పోస్తలే."

నేను పాలకు పోయానని ఆమెకు తెలుసు. అయినా మాటలన్నీ నాతోనే. నా జవాబులు కూడా ఆమే చెప్పుకుంటోంది, ఒక్కటీ తప్పు పోకుండా. మాటలు ఎండిపోయాయని నేననుకున్న ఇంట్లో రోజూ ఇంత మాట పారుతోందా? తొమ్మిదేళ్లుగా నా వీపు వెనక ఈమె నాతో కాపురం చేస్తోందా? గడప మీద కూలబడ్డాను. అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేదేమో. ఇంకా పైకి తోశాను.

"డాక్టరమ్మ పెద్ద దవాఖానాకు పొమ్మని రెండు నెలలాయె. ముట్టు ఆగి ఆరేండ్లయినంక మల్ల నెత్తురు పడుడు మంచిది కాదన్నది. పరీక్ష జేపియ్యాలెనట. నీకెట్ల జెప్పాలయ్యా? ఆడోళ్ల ముచ్చట. నీ చెవుల అరిస్తే గోడవతల యారాండ్లింటరు, గల్లీ ఇంటది. పోరనికి జెప్పుకుంటనా? పోనీ. ఎట్లయితదో అట్లయితది."

రెండు నెలలు. నా చెవుడు నా బాధ అనుకుని ఇన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాను. ఆమె ఒంట్లో రోగం పెట్టుకుని, అది అరవదగ్గ మాట కాదు కాబట్టి మింగేసింది. మా ఇద్దరి మధ్య అరవగలిగిన మాటలే మిగిలాయని, గుసగుసగా చెప్పుకోవలసినవన్నీ పోయాయని అప్పుడు తెలిసింది.

ఆమె మిద్దె దిగి వంటగదిలోకి రాగానే ఎదురెళ్లి అడిగాను, "డాక్టరమ్మ ఏమన్నది నీకు?"

మెల్లగానే అడిగాననుకున్నాను. నా గొంతు ఎంత లేస్తుందో నాకు తెలియదు. ఆమె ముఖం పాలిపోయింది. కిటికీలోంచి మా మరదలు ఇటు తొంగిచూడటం కనపడింది. నేను ఇంకో మాట అనేలోగా బియ్యపు పొడి అంటిన ఆమె చెయ్యి వచ్చి నా నోరు మూసింది. రెండో చేత్తో కిటికీ తలుపు వేసింది. నేను ఫోన్ ఆమె ముందు పట్టుకున్నాను. అక్షరాలు పడ్డాయి.

"ఎవలు జెప్పిన్రు నీకు?"

ఫోన్‌నే చూపించాను. గూటిని చూపించాను, పప్పు డబ్బాను చూపించాను. ఆమెకు అర్థమైంది.

"సాటుగ ఇన్నవా? ముసలోడా, సిగ్గు లేదా నీకు? నా ముచ్చట నేను జెప్పుకుంటె దొంగలెక్క ఇంటవా? థూ!"

తిట్లన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. నేను తల వంచుకుని చదువుకున్నాను. తప్పు నాదే. మధ్యలో ఆమె పెదాలు ఆగాయి. తెర మీద అక్షరాలూ ఆగాయి. ఆమె ఫోన్ వంక వింతగా చూసి ఒక్క మాట అంది. ఒక్క మాటే పడింది.

"ఉప్పు."

మళ్లీ అంది. మళ్లీ పడింది. ఆమె వేలు చాపి ఆ అక్షరాల మీద పెట్టింది, పొయ్యి మీది గిన్నెను ముట్టి చూసినట్టు.

"గిది నా మాటనా? నేను మాట్లాడితే గిట్లుంటదా?"

అవునని తల ఊపాను. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి, రేషన్ కార్డు మీద వేలిముద్ర వేసే మనిషి, తన మాట అక్షరాలై నిలబడటం చూస్తూ అలా ఉండిపోయింది. ఆమెను చూస్తూ నేనూ. ఇద్దరం పిచ్చివాళ్లలా ఉన్నాం. తర్వాత ఆమె పీట వేసుకుని కూర్చుని, ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని, రెండు నెలల సంగతి మొదటి నుంచి చెప్పింది. నేను పక్కన నేల మీద కూర్చుని ఒక్కో అక్షరం చదివాను. నా గొంతు లేచినప్పుడల్లా అరచెయ్యి కిందికి చూపించింది. షాపులో ప్రెస్సు వేగం తగ్గించమని నేను పనివాళ్లకు చూపించే సైగ అదే. ఎప్పుడు నేర్చుకుందో తెలియదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, లాలాపేట్ ఫ్లైఓవర్ మీదుగా పెద్ద దవాఖానాకు తీసుకువెళ్లాను. పరీక్షలో గడ్డ అని తేలింది. చెడ్డది కాదన్నారు, తీసేశారు. ఇప్పుడు నన్ను మునుపటికంటే ఎక్కువ తిట్టేంత బలం వచ్చింది, అన్నీ చదువుకుంటున్నాను. అదంతా తర్వాతి సంగతి. నాకు మరపురానిది దవాఖానాలో ఆ మొదటి రోజు.

డాక్టరు గదిలోంచి పిలుపు కోసం బల్ల మీద కూర్చున్నాం. హాలంతా జనం, పిల్లల ఏడుపులు, ఒకళ్ల భుజం ఒకళ్లకు తగిలేటంత ఇరుకు. ఆమె చీర కొంగును వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. నేను ఫోన్ తెరిచి ఆమె గడ్డం కింద పట్టుకున్నాను. ఆమె తల వంచింది. పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి.

"నాకు భయమైతుందయ్యా. జర చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. ఆమెకు ఆనుకుని కూర్చున్న ఆవిడ తల తిప్పలేదు. ఎదుటి బల్ల మీదివాళ్లు ఇటు చూడనైనా లేదు. అంతమందిలో ఆ మాట నా ఒక్కడికే వినపడింది.