బయల్దేరకముందే తిరుగు ప్రయాణం

సాయంత్రమైతే నాచారం చౌరస్తాలో సక్కుబాయి జొన్నరొట్టెల పొయ్యి వెలగాల్సిందే. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన రక్తసంబంధం చెల్లెలు ఉమారాణి ఒక్కతే. తల్లి పోయిననాడు ఆ పిల్లను చంకనేసుకుంది, పెంచి పెద్ద చేసింది. ఇప్పుడా పిల్ల ఐర్లాండ్‌లో నర్సు. పెళ్లయిన ఇన్నేళ్లకు కడుపు పండింది. "నువ్వు పక్కనుంటెనే నాకు ధైర్యమక్కా, రా" అని ఫోన్‌లో ఏడ్చింది. అప్పటినుంచి సక్కుబాయికి కాలు నిలవడం లేదు.

ఉప్పల్‌లో వీసా కాగితాలు చూసే సుధీంద్ర మొదటి రోజే చెప్పాడు. "పోతనని కాదమ్మా, మళ్ల వస్తనని రుజువు జూపాలె."

ఇదేం విడ్డూరమో ఆమెకు బోధపడలేదు. మనిషన్నాక ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? అయినా ఇంటి పన్ను రసీదు ఇచ్చింది, బ్యాంకు పుస్తకం ఇచ్చింది. చివర్లో అతను చెల్లెలు పంపిన ఆహ్వానం తెలుగులో చదివి వినిపించాడు. 'మా అక్క ఆగస్టు నెలాఖరుకు తప్పకుండా వెళ్లిపోతుంది. పంపించే పూచీ నాది.'

సక్కుబాయి మొహం వాడిపోయింది. తమ ఇళ్లల్లో చుట్టం వెళ్తానని లేస్తే సంచి దాచేస్తారు. ఎప్పుడు పోతావని అడిగితే మెడపట్టి గెంటినట్టే. మరి పిలిచిన నోటితోనే పొమ్మంటుందేమిటి? నిజంగా రమ్మందా, మాటవరసకు అందా? అడుగుదామంటే కడుపుతో ఉన్న పిల్ల నొచ్చుకుంటుంది. ఆ ఆలోచనలో రొట్టెలు కూడా మాడ్చింది.

కొన్నాళ్లకు వీసా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. తెలుగు తెలిసిన అమ్మాయి మర్యాదగానే అడిగింది. "మీరు ఎప్పుడు తిరిగొస్తారండీ?"

సక్కుబాయి గతుక్కుమంది. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, విమానమే ఎక్కలేదు, అప్పుడే తిరుగు ప్రయాణమా? తాను మనసు లేకుండా వెళ్తోందని వీళ్లకు అనుమానం కాబోలు. చెల్లెలి పరువు తాను నిలపాలి.

"గా ఫికర్ మీకెందుకు బిడ్డా. మా చెల్లె లేసి తిరిగేదాంక ఉంట. ఎన్ని నెలలైనా మంచిదే. ఈడ నాకోసం ఎదురుసూసెటోళ్లు ఎవ్వరు లేరు."

మంచి జవాబే చెప్పానని ఆ రోజంతా మురిసిపోయింది.

వీసా రాలేదు. తిరిగి వస్తుందన్న నమ్మకం కలగలేదని రాశారు. సుధీంద్ర తల పట్టుకున్నాడు. "గట్లెందుకన్నవమ్మా?" ఉన్నమాట చెబితే తప్పెలా అయిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

ఆ సాయంత్రం ఫోన్‌లో సంగతంతా ఉమారాణికి చెప్పింది. సక్కుబాయి ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం జెప్పు చెల్లె. నెలాఖరుకు పంపిస్తనని రాసింది నువ్వేనా?"

"నేనేనక్కా. గట్ల రాస్తెనే రానిస్తరన్నరు."

"మరి నేనొచ్చి, నెలాఖరుకు పోతనంటే?"

"యాడ పోనిస్తుంటి?" అంది ఉమారాణి. "నిన్ను మళ్ల పంపే ఆలోచనే లేకుండె నాకు."