కిషన్ రావు ఫైర్‌వాల్

సుబేదారిలో ఉండే కిషన్ రావు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, ఆయనలోని సూపరింటెండెంటు ఇంకా రిటైర్ కాలేదు. కాలనీ మలుపులో కూరగాయల షెడ్లు కూల్చి పార్కింగు కడతారని తెలియగానే, ఎవరూ పిలవకుండానే పోరాటానికి నాయకుడైపోయాడు. ఆ షెడ్లలో ఒకటి యాకమ్మది. అందులో వంకాయలు అమ్ముకుంటూనే కూతురు యమునను డిగ్రీ దాకా చదివించింది. అది పోతే ఆమెకు కూర్చునే జాగా లేదు.

"సారూ, మా షెడ్డు ఉంటదా, పోతదా?" అని యాకమ్మ అడిగింది.

"మెల్లగ మాట్లాడు. సర్కారు వింటాంది," అన్నాడు కిషన్ రావు.

సోమవారం తెల్లారేసరికి అందరూ షెడ్ల ముందు అడ్డంగా బైఠాయించాలని ఆయన పథకం. సర్కారుకు ముందే తెలిస్తే కథ కంచికే. అందుకని కంప్యూటర్ షాపు సోహెల్‌ను పిలిపించి ఫోన్లో ఫైర్‌వాల్ పెట్టించుకున్నాడు. బయటి నుంచి వచ్చేవాటిని గుమ్మంలోనే ఆపే కాపలా అది.

"అన్నీ బంద్ పెట్టు," అన్నాడు.

"అన్నీ బంద్ పెడితే మనోళ్ళ మెసేజులు గూడ రావు అంకుల్."

"చెప్పింది చెయ్యవయ్యా! సర్కారు దూరకుంటె చాలు."

మామూలు కాల్స్ సర్కారు వింటుందని, ఏదున్నా వాట్సాప్ గ్రూపులోనే చెప్పాలని అందరికీ హుకుం జారీ చేశాడు. పాపం, అందరూ తలూపారు.

ఇంత పకడ్బందీగా చేశాక ఆయనకు మైకు గుర్తొచ్చింది. మైకు లేని ధర్నా ఏం ధర్నా? మైకుకు పోలీసు పర్మిషన్ కావాలి. సర్వీసంతా పర్మిషన్ లేకుండా కుర్చీ కూడా జరపని మనిషి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని శనివారం నేరుగా స్టేషనుకు పోయాడు. ఎస్సై మర్యాదగా చాయ్ తెప్పించి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతమంది వస్తారని అడిగాడు. కిషన్ రావు ఒక్కటీ దాచలేదు. పర్మిషన్ అక్కడికక్కడే వచ్చేసింది. ఇంత తొందరగా కదిలిన పనిని ఆయన తన సర్వీసులో చూడలేదు. ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఆదివారం పొద్దున్నే చాయ్ తాగుతూ ఫోన్ చూసుకున్నాడు. ఫైర్‌వాల్ అడ్డుకున్న వాటి అంకె గబగబా పెరిగిపోతోంది.

"చూసినవా శారదా, సర్కారు లోపలికి రానీకి ఎట్ల తన్నుకుంటాందో!" అని భార్యకు మురిసిపోతూ చూపించాడు.

అవతల తన్నుకుంటున్నది యమున. జేసీబీ వచ్చిందని గ్రూపులో మెసేజ్ మీద మెసేజ్ పెట్టింది, వీడియోలు పంపింది. ఆఖరికి ఉరుక్కుంటూ వచ్చి తలుపు బాదింది. "సారూ, కూలగొడ్తాన్రు!"

ఆయన చేరేసరికి షెడ్లు లేవు. రేకులు లారీకి ఎక్కిస్తున్నారు. అదే ఎస్సై ఆయనను చూసి నమస్తే కూడా పెట్టాడు. కిషన్ రావుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

యాకమ్మ ఏడవలేదు. మట్టిలోంచి ఏరుకున్న వంకాయలను కొంగుతో తుడిచి, లారీ ముందు రోడ్డు మీదనే గోనెపట్టా పరిచి కూర్చుంది. మిగతావాళ్ళూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టినా ఎవరూ లేవలేదు.

కిషన్ రావు ఆమె దగ్గరకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "యాకమ్మా, రోడ్డు మీద కూసునేటందుకు పర్మిషన్ గావాలె. జర ఆగు, నేను పోయి అడిగొస్త."