జేబెజ్ బాబాయ్ ముందస్తు పరామర్శలు

ఏ ఊళ్ళోనైనా కష్టం వచ్చాక జనం పరామర్శకు వస్తారు. మా కాల్డర్ లేక్‌లో మాత్రం జేబెజ్ హాస్కెన్ అనే ఆయన కష్టం రాకముందే వచ్చి పరామర్శించి పోయేవాడు. అదే ఆయన జబ్బు. మందు లేదు.

నల్లకోటు వేసుకుని వచ్చేవాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, మన కుడిచేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని గట్టిగా నొక్కి, "ధైర్యంగా ఉండు నాయనా, ఏం చేస్తాం, మన చేతుల్లో ఏముంది" అనేవాడు. "ఏమైంది బాబాయ్?" అని మనం హడలిపోయి అడిగితే, "ఇంకా ఏమీ కాలేదు. అదే నా బాధ" అనేవాడు.

మా అక్క పెళ్ళిలో చర్చి మెట్ల మీద పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని ఆయన కార్చిన కన్నీళ్ళకి, పాపం ఆ కుర్రాడు వెనక్కి పోదామా అని ఒక్క క్షణం ఆలోచించాడట. సొంత ఇంట్లోనూ అంతే. ఆయన భార్య తామ్సిన్ మాంసం రొట్టెలు పొయ్యిలో పెట్టి తలుపు మూయగానే బాబాయ్ టోపీ తీసేవాడు.

"పోయాయే, మాడిపోయాయి."

"ఇప్పుడేగా పెట్టాను! మాడితే నువ్వే తినాలి."

"అందుకేగా నా ఏడుపు!"

ఇలాంటి మనిషి, మంచు మీద ఆడే మా హాకీ జట్టుకి దొరికాడు. బాబాయ్ ఇరవై ఏళ్ళు గనిలో పనిచేశాడు. పైకప్పు కూలి కాలు అవిటిదయ్యాక కంపెనీ ఆయన్ని మంచు మైదానం పనికి వేసింది. నీళ్ళు పోసి మంచు గట్టిపరచడం, స్కేట్లకి పదును పెట్టడం, ఆటకి ముందు ఏడుగురినీ పరామర్శించడం ఆయన పని. ఈ మూడోది ఎవరూ చెప్పకుండానే నెత్తిన వేసుకున్నాడు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు టియర్నీ, జట్టుకి గోల్ కీపర్ని. మా అన్న రెండో నంబరు గనిలోకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. ఆ ఏడాదే కంపెనీ జీతాలిచ్చి జట్టు పెట్టింది. జట్టులో ఉన్నవాడు పైన సామాన్ల కొట్టులో పనిచేసుకోవచ్చు, గనిలోకి దిగక్కర్లేదు. నాకు ఆటంటే అంత ప్రేమేమీ లేదు. ఆ చీకట్లోకి మళ్ళీ దిగడమంటే మాత్రం ప్రాణం పోయేంత భయం. నేను గోల్ ముందు నిలబడింది ఆ భయంతోనే.

మా మేనేజరు ఓగిల్వీ గారికి ఇది బాగా తెలుసు. "దెబ్బ తగిలినవాడు అక్కర్లేదు. మాంట్రియల్ నుంచి కొత్తవాడొస్తాడు, పాతవాడు గనిలోకి పోతాడు. ఇది నా మాట కాదు, టొరంటోలో ఉన్న కంపెనీ పెద్దల మాట" అని వారానికోసారి గుర్తుచేసేవాడు. దాంతో మా జట్టులో ఎవరికీ దెబ్బలే తగిలేవి కావు. ఓవిలా అని మాకో ఫ్రెంచివాడుండేవాడు, మెరుపులా ఆడేవాడు. ఒకసారి వాడి మూతి నిండా నెత్తురుంటే ఓగిల్వీ నిలదీశాడు.

"ఏంట్రా అది?"

"జామ్ అండీ. పొద్దున రొట్టెలోకి తిన్నాను."

మొదటి ఆట తొమ్మిది గోల్స్‌కి రెండుతో గెలిచాం. ఎగురుకుంటూ వెళ్ళి బాబాయ్‌కి చెబితే తల పట్టుకున్నాడు. "తొమ్మిదీ ఇవాళే తగలేశార్రా! వచ్చే ఆటకి ఏం మిగిల్చారు?"

వచ్చే ఆటా గెలిచాం. ఆ తర్వాతదీ గెలిచాం. మేం గెలిచేకొద్దీ ఆయన చిక్కిపోయాడు. ఏడో గెలుపు నాటికి కోటు వదులైపోయి తామ్సిన్ గుండీలు జరిపి కుట్టింది. "ఎంత పైకెక్కితే అంత కింద పడతాం. మీకింకా చిన్నతనం, తెలియదు" అని ఒక్కొక్కడి చెయ్యీ పట్టుకుని వెక్కేవాడు. ఊళ్ళో బ్యాండు మోగుతుంటే మేం బట్టలు మార్చుకునే గదిలో శవజాగారం నడిచేది. నిజం చెప్పొద్దూ, విని విని నాకు కూడా గెలుపంటే దిగులు పట్టుకుంది.

ఎనిమిదో ఆట ముందు ఓవిలాకి ఒళ్ళు మండింది. "ఈయన ఉంటే నేనాడను! నా చెయ్యి పట్టుకుని మా అమ్మ పేరడిగాడు, కబురంపడానికట!" అని గోల చేశాడు. ఓగిల్వీ వెంటనే బాబాయ్‌ని గదిలోంచి పొమ్మన్నాడు. ఆయన టోపీ పెట్టుకుని, "నేను పోతాను సరే, మీరేమైపోతారో" అని మమ్మల్నందర్నీ ఒక్కసారిగా పరామర్శించి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఎల్గర్ ఫాల్స్ జట్టు మమ్మల్ని మట్టి కరిపించింది. ఆరు మూడు. సగం ఆటకే మాలో నలుగురు కుంటుతున్నారు. మైదానం బయట బాబాయ్ ఈల వేసుకుంటూ, నవ్వుతూ కనిపించాడు. ఆ సీజన్లో ఆయన నవ్వడం చూసింది అదొక్కసారే.

"ఇంత సంతోషమేంటి బాబాయ్?"

"జరగాల్సింది జరిగిపోయింది కదరా. ఇక భయమేముంది?"

మిగిలింది ఒక్క ఆట. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి కాబట్టి కప్పు ఎవరిదో అందులోనే తేలాలి. పైగా పోటీ అదే ఎల్గర్ ఫాల్స్‌తో. బాబాయ్ లేకపోతే ఓడిపోతామని మా ఏడుగురికీ గట్టి నమ్మకం కుదిరిపోయింది. అందరం కలిసి ఆయనింటికి వెళ్ళాం. తామ్సిన్ తలుపు తీసింది.

"పరామర్శ కావాలా? మూడు పూటలా నాకు పెడుతున్నాడు. కొంచెం పట్టుకుపోండి, పుణ్యం ఉంటుంది."

బాబాయ్ మొదట బెట్టు చేశాడు. "నన్ను పొమ్మన్నారు" అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చివరికి ఓవిలా మోకాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయింది బాబాయ్. వచ్చి ఒక్క ఏడుపు ఏడ్చిపో. మా అమ్మ పేరు ఫిలొమెన్, రాసుకో."

అలా ఆయన తిరిగొచ్చాడు. ఓగిల్వీ కూడా ఓటమి భయంతో సరేనన్నాడు. కానీ నా ఖర్మ కాలింది. ఆటకి రెండు రోజుల ముందు సాధనలో ఓవిలా కొట్టిన ఆట బిళ్ళ, రాయిలాంటి రబ్బరు బిళ్ళ, సరాసరి నా కుడి బొటనవేలికి తగిలింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకొక్కడికే వినబడింది. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులూ ఎడమచేత్తో తిన్నాను. కళ్ళు మూస్తే రెండో నంబరు గనే కనిపించేది.

ఆట రోజు ఎండ కాసి మంచు మీద వేలెడు నీళ్ళు నిలిచాయి. గదిలో బాబాయ్ వరసగా పరామర్శిస్తూ నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు, నొక్కాడు. నాకు చుక్కలు కనిపించాయి. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, చెయ్యి వదలకుండా భోరుమన్నాడు.

"అయ్యో! ఈ బిడ్డని మళ్ళీ చూస్తానో లేదో! అయ్యగారూ, రెండే రెండు నిమిషాలు. వీడి కోసం ప్రార్థన చేసుకుంటాను, అందరూ బయటికి నడవండి."

"ఈ పిచ్చాడితో చస్తున్నాను" అని ఓగిల్వీ మిగతావాళ్ళని తోలుకుపోయాడు. తలుపు మూసుకోగానే బాబాయ్ కోటు జేబులోంచి చిన్న చెక్కముక్క, గుడ్డపీలిక బయటికొచ్చాయి.

"అయ్యో దేవుడా! ఎంత బంగారంలాంటి కుర్రాడు!" అని బయటికి వినబడేలా అరిచి, "వేలు కదపకు" అన్నాడు గొంతు తగ్గించి. "ఇంత చిన్న వయసులోనే! ఇటు తిప్పు. వాళ్ళమ్మ ఎలా తట్టుకుంటుంది! నొప్పా? అరవకు, నేనరుస్తాను. అయ్యయ్యో!"

రెండు నిమిషాల్లో కట్టు పూర్తయి పైన గ్లౌజు ఎక్కింది. ఆ చేతులు గనిలో ఎన్ని విరిగిన ఎముకలు కట్టాయో, అంత నేర్పు.

"బాబాయ్, నువ్వు..."

"నోర్మూసుకుని పో. ఎలాగూ ఓడిపోతాం."

ఆట నీళ్ళల్లో జరిగింది. ఒంటి మీద బట్టలన్నీ తడిసిపోయాయి. చివరి నిమిషానికి మేం ఐదు, వాళ్ళు నాలుగు. ఓగిల్వీ మైదానం చుట్టూ ఉన్న చెక్క అడ్డు మీద పిడికిలితో బాదుతూ గొంతు చించుకుంటున్నాడు. బాబాయ్ అప్పుడే ముందువరసలో కూర్చున్నవాళ్ళ చేతులు పట్టుకుని ఓదార్చడం మొదలెట్టాడు. వాళ్ళ సెంటర్ ఆటగాడు కొట్టిన బిళ్ళ నీళ్ళు చిమ్ముకుంటూ నా మీదికి వచ్చింది. చెయ్యి అడ్డుపెట్టాను. సరిగ్గా ఆ చెక్కముక్కకే తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి కానీ బిళ్ళ లోపలికి పోలేదు. గంట మోగింది.

గదిలో కప్పు బల్ల మీద పెట్టి అందరూ కేకలేస్తున్నారు. నా గ్లౌజు ఊడి రావడంలేదు.

"ఏంటది?" అన్నాడు ఓగిల్వీ.

"ఏం లేదండీ. సంతోషం ఎక్కువై..."

ఆయన ఎడమచేత్తో ఒక్క లాగు లాగాడు. కట్టు బయటపడింది, వంకాయలా ఉబ్బిన వేలూ బయటపడింది.

"రేపు పొద్దున ఆఫీసుకి రా" అన్నాడు.

కప్పు గెలిచిన రోజునే నా బతుకు మళ్ళీ గనిలోకి పోయిందని కుప్పలా కూర్చున్నాను. బాబాయ్ టోపీ తీశాడు. నా దగ్గరికే వస్తున్నాడనుకున్నాను. నన్ను దాటి ఓగిల్వీ దగ్గరికెళ్ళి ఆయన కుడిచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, "ధైర్యంగా ఉండండి అయ్యగారూ" అని గట్టిగా నొక్కాడు.

"చచ్చాన్రా బాబోయ్!" అన్నాడు ఓగిల్వీ.

చెక్క అడ్డుని బాది బాది చెయ్యి విరగ్గొట్టుకున్నాడు మహానుభావుడు. అవతల టొరంటో పెద్దలు కప్పు చూడ్డానికి బయల్దేరి వస్తున్నారు. దెబ్బ తగిలినవాడు అక్కర్లేదన్న మాట వాళ్ళదే. అందులో మేనేజర్లకి మినహాయింపేమీ రాసిలేదు.

"అబ్బాయిలూ, రెండే రెండు నిమిషాలు. అయ్యగారి కోసం ప్రార్థన చేసుకుంటాను" అన్నాడు బాబాయ్.

మేం ఏడుగురం బయట నిలబడ్డాం. లోపల్నుంచి "అయ్యో! ఎంత బంగారంలాంటి మేనేజరు!" అని శోకాలు వినిపిస్తున్నాయి. ఓవిలా పక్కటెముకలు తడుముకుంటూ, "ఈ పాట నాకు జనవరిలో పాడాడు" అన్నాడు మెల్లగా. "నాకు క్రిస్మస్ ముందు" అన్నాడు ఇంకొకడు. ఏడుగురికీ పాడాడు. ఎవడికివాడు తనకొక్కడికే అనుకున్నాడు. ఆయన లేని రోజున నలుగురెందుకు కుంటుతూ ఆడారో అప్పటికి గాని మాకు తలకెక్కలేదు.

ఓగిల్వీ బయటికొచ్చాడు. కుడిచేతికి ఉన్ని గ్లౌజు ఉంది. నా వైపు చూడకుండా, "రేపు రానక్కర్లేదు. వచ్చే ఏడూ గోల్‌లో నువ్వే. పెద్దలొస్తున్నారు, ముందు ఆ చెయ్యి వెనక్కి పెట్టుకో" అన్నాడు.

పెద్దలొచ్చారు. అందరికన్నా ముందు బాబాయ్ కంపెనీ అధ్యక్షుడికి ఎదురెళ్ళి టోపీ తీశాడు.

"ధైర్యంగా ఉండండి బాబూ, ఏం చేస్తాం."

"ఎందుకయ్యా? గెలిచాం కదా?" అని ఆయన తెల్లబోయి ఓగిల్వీ వైపు చూశాడు.

"చెయ్యి ఇవ్వండి సార్" అన్నాడు ఓగిల్వీ. "ఇస్తే మంచిదే."