తాళంచెవి లేని ట్రైలర్‌లో మా ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మహారాష్ట్ర సరిహద్దులో, చెక్‌పోస్టు ముందు లారీల వరుసలో ఇరుక్కుని ఉన్నాను. వెనక్కి తిప్పుదామన్నా సందు లేదు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. సూరత్‌లో ఆస్పత్రి నుంచి ఆయన్ని ఇంటికి కూడా తేనివ్వలేదు.

సైన్యంలో శిక్షణ ఇచ్చేవారిని ఉస్తాద్ అంటాం. ఆయనా మాజీ సైనికుడే, మా కరీంనగర్ వైపు మనిషి. సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో ట్రైలర్ లారీ నడపడం నేర్పేవారు. రిటైరైన సైనికులకు శిక్షణ ఫీజు సర్కారే కడుతుందని నాకు చెప్పిందీ ఆయనే. అప్పటికి నేను అక్కడికి దగ్గర్లోనే హజీరాలో ఒక ఫ్యాక్టరీ గేటు కాపలాదారుని. ఏళ్ల తరబడి మిలిటరీ బండ్లు నడిపి, చివరికి ఎవరెవరి లారీలకో గేటు తీస్తూ కూర్చున్నాను. ట్రైలర్ నడిపే పని ఇవ్వాలంటే శిక్షణ సర్టిఫికెట్ తెమ్మనేవారు. ఆ డబ్బా గదిలో నాకు ఊపిరాడేది కాదు.

"భిక్షం గాదుర ఇది, నీ హక్కు," అంటూ ఆయనే నన్ను సైనిక సంక్షేమ ఆఫీసుకు లాక్కెళ్లారు. అక్కడ బల్ల ముందు నేను బిగుసుకుని నిలబడితే, "జర కూసో, నిన్నెవ్వరు పరేడ్‌కు పిలువలే" అన్నారు.

ఫీజు మంజూరైంది. ఉద్యోగం మానేసి స్కూల్లో చేరాను. అంతలోనే లాక్‌డౌన్ వచ్చిపడింది. రైళ్లు లేవు, స్కూలు మూత. శిక్షణకు వచ్చిన నలుగురం ఆ ఆవరణలోని రేకుల గదిలో చిక్కుకుపోయాం. గడువులోగా శిక్షణ పూర్తికాకపోతే మంజూరు రద్దవుతుంది. అదే జరిగితే నాకు మళ్లీ ఆ గేటే గతి.

ఉస్తాద్ ఇల్లు పక్క వీధిలోనే. పొద్దున్నే ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చి, నిలిపి ఉంచిన ట్రైలర్‌లో మమ్మల్ని ఎక్కించేవారు. తాళంచెవి ఓనరు దగ్గర ఉండిపోయింది. "ఇంజిన్ లేకుంటేంది, అద్దాలున్నయ్ గద. ఎనక చూసుడు నేర్చుకో," అనేవారు. లేని మలుపుల్లో గేర్లు మార్పించేవారు. ఒకరోజు ఆ ఉక్కలో నాకు ఒళ్లు మండింది.

"ఎటూ పోని బండిల ఏం నేర్చుకోవాలె ఉస్తాద్?" అని అరిచేశాను.

"నాకు గూడ ఇంట్ల మనసున పడ్తలేదుర. అందుకే వస్తున్న," అన్నారాయన మెల్లగా. ఆ తర్వాత నేను ఆయన మీద గొంతు పెంచలేదు.

స్కూలు తెరిచాక, ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి రోడ్డెక్కాను. ముందు పోతున్న లారీ పక్కకు తప్పుకుని ఆగింది. నేనూ దాని వెనకే ఆపాను.

"ఎందుకాపినవ్?"

"ముందటి బండి ఆగింది ఉస్తాద్."

"అరే, అది నీ కాన్వాయా? వాడు చాయ్ తాగనీకి ఆగిండు!" ఆయన కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. సైన్యంలో బండ్లన్నీ వరుసగానే నడవాలి, వరుసగానే ఆగాలి. ఆ అలవాటు నాలో అంతగా పాతుకుపోయింది. "ఇప్పుడు నీ మీద కమాండర్ లేడు. పోనియ్," అన్నారు.

శిక్షణ గడువు పెంచేదాకా ఉస్తాద్ ఆ ఆఫీసుకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నాకు సర్టిఫికెట్ వచ్చింది, బండి దొరికింది. ఆయన రుణం ఈ జన్మకు తీరదు.

ఆయన పోయారని ఫోన్ వచ్చింది, నేను ఒక్కడినే వెళ్లిన మొదటి ట్రిప్పులోనే. నాగ్‌పూర్‌లో సరుకు దింపి తిరిగొచ్చేసరికి, కరోనా ఉందని ఆయన వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు. ఉస్తాద్ భార్యను ఇల్లు కదలొద్దన్నారట. బొంగులకు ఇవతలే నిలబడి పిలిస్తే మేడ మీద బాల్కనీలోకి వచ్చింది.

"వదినమ్మా..." అన్నాను.

"ఆస్పత్రికి పోతుంటె గూడ నీ గురించే అడిగిండు తమ్మీ. ఒక్కడే పోయిండు, ఏడిదాక పోయిండో అన్నడు."

"నాగ్‌పూర్‌ల దింపి వచ్చిన వదినమ్మా. ఒక్కన్నే."

ఆమె తలుపు వైపు తిరిగి, ఎవరూ లేని ఆ ఇంట్లోకి గట్టిగా చెప్పింది. "విన్నవా? ఒక్కడే పోయి, మంచిగ దింపి వచ్చిండట."