ఖాళీ డబ్బాల ఆయమ్మ

టక్... టక్... టక్.

స్టీలు డబ్బా అంచును ప్లాస్టిక్ డ్రమ్ముకు తట్టే చప్పుడు. షార్జాలోని ఆ భారతీయ బడి వరండాలో తిండి గంట కొట్టిన పది నిమిషాలకు రోజూ వినిపించేది. ఇసుకగాలి కిటికీ అద్దాలను గీరుతున్నా, లోపల ఇరవై ఆరుమంది పిల్లలు ఒక్కసారే రాగం తీస్తున్నా దాని లయ తప్పేది కాదు. ఆ తర్వాతే మనిషి కనబడేది. నీలం గౌను, తలమీద తెల్ల దుపట్టా, బుగ్గలో ఏదో నములుతూ, రాయచోటి అక్తర్ బీ.

కేజీ పిల్లలకు ఆమె ఆయా. బడి మొత్తంలో మంచి ఆయా అని పేరు. మంచితనానికి అక్కడొక కొలత ఉంది: డబ్బా ఖాళీగా ఇంటికి వెళ్లాలి. మన తల్లులు సాయంత్రం పిల్ల కళ్లలోకి చూడరు, డబ్బాలోకి చూస్తారు. అడుగు చిన్న చంద్రుడిలా మెరిస్తే పిల్ల తిన్నట్టు, తల్లి గెలిచినట్టు. డబ్బా ఖాళీ చేసిన చేతికి టీచరు బంగారు రంగు నక్షత్రం అంటించేది.

కానీ విరామం పదిహేను నిమిషాలే. అయిదేళ్ల వేళ్లకు మూత తీయడానికే అందులో సగం పోయేది. మిగతా పని అక్తర్ బీ పూర్తి చేసేది, సగం డ్రమ్ముకు, సగం తనకు. అన్నం పారేస్తే పాపం కదా! ఉడికిన గుడ్లు, పాలకూర పరాటాలు, నెయ్యి కార్చిన ఇడ్లీలు. చేరిన రెండేళ్లలో ఆమె గౌను రెండుసార్లు వదులు చేయించాల్సి వచ్చింది. పిల్లలు నక్షత్రాలతో ఇంటికి వెళ్లి, మేడ కింది బకాలా కొట్టులో చిప్స్ పొట్లాలు కొనిపించుకునేవాళ్లు.

గోడ పక్క బల్లలో స్నిగ్ధ కూర్చునేది. సుబ్బరాజు అనే ఇంజనీరు కూతురు. పాలిపోయిన పిల్ల, వెన్నెల్లో ఆరేసిన గుడ్డలా ఉండేది. ఆ పిల్ల భుజం ఎత్తున గోడ సున్నం రేగిపోయి గుంట పడింది. సుద్దముక్కలు కూడా మాయమయ్యేవి. పిల్ల పెదాలమీది తెల్లపొడిని అక్తర్ బీ దుపట్టా అంచుతో తుడిచేది, ఎవరికీ చెప్పేది కాదు. గోడ సంగతి చెబితే డబ్బా సంగతీ చెప్పాలి. వీసా రెన్యువల్ రెండు నెలల్లో ఉంది.

2005లో ఒక ఆస్పత్రి తరఫున డాక్టర్ కామాక్షి వచ్చింది. గల్ఫ్‌లో పెరిగే మన పిల్లల్లో రక్తహీనత మీద పరిశోధన. ముందు రెండు వందల ఇళ్లకు ఒక్కో కాగితం పంపింది: పిల్ల వారంపాటు ఏం తిన్నదో రాయండి అని. కాగితం కనబడితే చాలు, మనవాళ్లకు అది పరీక్షే. ఆ రాత్రి షార్జా మేడల్లో ఫోన్లు వేడెక్కాయి.

"మీరు బాదం ఎన్ని రాశారండీ?"

"ఆరండీ. నానబెట్టి, పొట్టు తీసి అని కూడా రాశాను."

"అయ్యో, మేం నాలుగే రాశాం. ఎనిమిది చేసేస్తా ఉండండి."

కాగితాలు తిరిగొచ్చాయి. వాటి ప్రకారం భూమ్మీద అంతకన్నా పుష్టిగా పెరిగే పిల్లలు లేరు.

తర్వాత రక్తపరీక్ష రోజు. సూది చూసి పిల్లలు బల్లల కింద దూరారు. "ముందు నువ్వు వేలు చూపించు ఆయమ్మా, వాళ్లకు భయం పోతుంది" అంది కామాక్షి. అక్తర్ బీ చూపించింది. చిన్న మిషను హిమోగ్లోబిన్ పదమూడున్నర అని చెప్పింది.

"బ్రహ్మాండం! ఏం తింటావు నువ్వు?"

"ఏందో మా, దేవుడు పెట్టింది" అంది అక్తర్ బీ.

స్నిగ్ధకు ఏడు వచ్చింది, పదకొండు పైన ఉండాల్సింది. కామాక్షి మిషను దులిపి మళ్లీ చూసింది. మళ్లీ ఏడే. మర్నాడు తల్లిని పిలిపించింది. తల్లి తన కాగితాన్ని ర్యాంకు కార్డులా ముందు పెట్టింది.

"గుడ్డు, పాలకూర, ఖర్జూరం, అన్నీ పెడుతున్నానండీ. డబ్బా రోజూ ఖాళీగా వస్తుంది. ఇంటికొచ్చాక లీటరు పాలు తాగుతుంది."

కామాక్షి నుదురు రుద్దుకుంది. "ఇంత తిన్నా రక్తం పట్టట్లేదంటే పేగుల్లో ఏదో జబ్బుండాలి. పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం దింపి చూడాల్సి రావచ్చు."

తల్లి కళ్లు తుడుచుకుని సరేనంది. కాగితం అబద్ధమని అనడం కంటే పేగులు చెడ్డవని ఒప్పుకోవడం ఆమెకు తేలికైంది.

తలుపు దగ్గర అక్తర్ బీ తడిగుడ్డ పట్టుకుని ఉంది. స్నిగ్ధ ఆమె గౌను పట్టుకుని నిలబడి ఉంది. వేళ్లు ఐసుపుల్లల్లా చల్లగా తగిలాయి.

"గొట్టం వద్దు మేడమ్" అంది అక్తర్ బీ. "కాయితాలు తిన్యాయి. బిడ్డ తినల్యా."

"అంటే?" అంది కామాక్షి.

"డబ్బా నేను ఖాళీ చేస్తాండా. రోజూ. బిడ్డ గోడ తింటాండాది. సున్నం. సుద్దముక్కలు."

తల్లి లేచి నిలబడింది. "నా కూతురి తిండి నువ్వు తిన్నావా? ఛీ! మరి స్టార్లు ఎందుకిచ్చారు దానికి?"

గోడ తింటున్న పిల్ల గురించి కాక నక్షత్రాల గురించి అడిగానని ఆమెకు తెలియడానికి కొంచెం సమయం పట్టింది. తెలిశాక కూడా ఒప్పుకోలేదు.

గొట్టం ఆగింది. ఒంటికి ఇనుము పట్టనివ్వని ఆ పాలు మూడొంతులు తగ్గించి, ఐరన్ మందు పట్టారు. నాలుగు నెలల్లో స్నిగ్ధ పెదాలకు రంగొచ్చింది. కామాక్షి ఆ రెండు వందల కాగితాలు పక్కన పడేసి, పారేసే తిండి తూచడానికి వారంపాటు త్రాసు పెట్టుకుని చెత్తడ్రమ్ము పక్కన కూర్చుంది. ఆమె పరిశోధన అక్కణ్నుంచే మొదలైందనాలి.

తల్లులు ఊరుకుంటారా? సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చారు. ఆయన ఆమె వీసా అయితే రెన్యువల్ చేయించాడు గానీ, "క్లాసులు ఖలాస్, ఇక బస్సు పని" అన్నాడు. అక్తర్ బీ ఊరవతల సజ్జా వైపు వెళ్లే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పనికి మారింది. ఆమె చోటికి కొత్త ఆయా వచ్చింది. ఆ అమ్మాయికి మొదటిరోజే గట్టిగా చెప్పారు: డబ్బాలు ఖాళీగా ఇంటికి రావాలి.

2008లో, ఈ సంగతులు రాసుకోవడానికి వచ్చిన మనిషికి అక్తర్ బీ బస్సు మెట్టుమీద కూర్చుని అన్నీ చెప్పింది. గౌను వదులై భుజాలమీంచి జారుతోంది. మీవల్లే ఒక పిల్ల బాగుపడిందని అంటే చేత్తో ఈగను తోలినట్టు తోలేసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె లేచింది.

"మంచిదాన్నని రాయొద్దు మా. ఆకలికి తినె, పాపం, అని కూడా రాయొద్దు. రుచిగా ఉండె, తింటి."