జైనూర్ మలుపులో ఆగిన కార్లు

మావారు డాక్టరు. ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచి జైనూర్ వెళ్లి రోగులను చూసి వచ్చేవారు. ఆయన పోయిన మరుసటి ఏడాది, అక్కడి ఆసుపత్రికి అంబులెన్సు కొనివ్వాలని, విరాళాల కోసం కార్ల ర్యాలీ పెట్టాను. అన్నిటికన్నా ముందు ఆయన పాత తెల్ల కారు. మా తమ్ముడు నడుపుతున్నాడు, పక్కన నేను.

జైనూర్ మలుపులో ఒక ముసలవ్వ చెయ్యెత్తి రోడ్డుకు అడ్డంగా వచ్చేసింది. తమ్ముడు గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనక కార్లన్నీ ఒకటే హారన్ల మోత.

అవ్వ మందుల చీటీ పట్టుకుని కారులోకి తొంగి చూసింది.

"సారేడి బిడ్డా? గీ కారు జూసి సారే వచ్చిండనుకున్న."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అవ్వ ఒక్కసారే పొరబడింది. తమ్ముడు ఆ తెల్ల కారు ఇంటి ముందు ఆపిన ప్రతిసారీ, ఆయన బ్యాగు అందుకోవడానికి నేను ఇప్పటికీ గేటు దాకా వెళ్తాను.