చెప్పని కల

మాఘమాసం, గురువారం. అశ్వారావుపేట బస్సులో ఒకే సీటులో ముగ్గురం: నేను, తన ఊరి సంగతులు నాతో చెబుతున్న ఒకామె, ఎరువుల వ్యాపారి.

కలల ఫలితాల మీద తాను రాసిన పుస్తకాన్ని ఆయన బస్తాతోపాటు ఉచితంగా పంచుతాడట. నాకూ ఒకటిచ్చాడు. అట్ట మీది ఫొటోను, ఆయన ముఖాన్ని ఆమె మార్చి మార్చి చూసింది.

"పళ్లూడినట్టు కలొస్తే ఇంటి పెద్ద పోతడని రాసింది నువ్వేనా సేటూ? నాకు గా కలొచ్చింది, మామ పోయిండు. నీ పుస్తకం జూపిచ్చి అత్త నన్ను ఎల్లగొట్టింది."

"శాస్త్రంల ఉన్నదే రాసిన తల్లీ."

"తెల్లారుగట్ల కల నిజమైతదని గూడ రాసినవ్. ఇయ్యాల తెల్లారుగట్ల నువ్వే నా కలలకొచ్చినవ్."

ఆయన ముఖం పాలిపోయింది. "ఏం జూసినవ్?"

"చెప్ప." ఆమె చండ్రుగొండలో దిగిపోయింది.

మర్నాడు పొద్దున నా తిరుగు బస్సు చండ్రుగొండలో ఆగింది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆమెది ఏ ఊరో ఎరుకేనా సారూ?"

నాకు తెలుసు. తెలియదన్నాను.